తేడా ఉంటేనే చెప్పండి

పొట్నూరి భుజంగరావుగారికి పొద్దున్నే గులాబీ పువ్వు కనిపిస్తే ఒళ్ళు మండేది.

నిజమైన గులాబీతో ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా ఫోనులో పూసే గులాబీలతోనే. కళ్ళజోడు పెట్టుకుని కుటుంబ గ్రూపు తెరిచేసరికి మేనల్లుడు పంపిన గులాబీ, తోడల్లుడు పంపిన సూర్యోదయం, పెత్తండ్రి మనవరాలు పంపిన పసిపాప నవ్వు వరుసగా సిద్ధంగా ఉండేవి. ప్రతి బొమ్మ మీదా శుభోదయమే. ప్రతి శుభోదయం కిందా జోడించిన చేతులే. ఆ చేతులకు బదులుగా మళ్ళీ చేతులే.

"ఈ పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా నీకు?" అని ఆయన రోజూ భార్య ఇందుమతిని నిలదీసేవారు. "భీమిలి దారిలో కిటికీలు లేని భవనాలున్నాయే, అక్కడి నుంచి. దీన్ని దాచడానికి ఒక యంత్రం, మోయడానికి ఒక యంత్రం, అవి వేడెక్కితే చల్లార్చడానికి ఇంకో యంత్రం. మీ తమ్ముడు వేలు కదిపిన పాపానికి ఎక్కడో బొగ్గు మండుతోంది."

"మా తమ్ముడి వేలు కాదు, మీ మేనల్లుడి వేలు," అనేది ఆవిడ. "ముందు ఆ కాఫీ తాగండి, చల్లారిపోతున్నాది. దాన్ని మళ్ళీ వేడి చెయ్యడానికి కూడా కరెంటే కదా."

ఆ మాటలో న్యాయం ఉండేది. అందుచేత మరింత మండేది.

భుజంగరావుగారు విద్యుత్ సంస్థలో తన యౌవనమంతా ధారపోసి, లోడ్ డిస్పాచ్ కేంద్రానికి అధిపతిగా పదవీ విరమణ చేసిన మనిషి. రాష్ట్రంలో ఎక్కడ ఎంత కరెంటు పుడుతోంది, ఎక్కడ ఎంత ఖర్చవుతోంది, రెండూ తూగుతున్నాయా లేదా అని కనిపెట్టి, తూగనప్పుడు ఏ ఊరి దీపాలు ఆపాలో నిర్ణయించే చోటు అది. ఆయన హయాం మొదట్లో ప్రతి సబ్‌స్టేషన్ నుంచీ గంటగంటకూ ఫోను వచ్చేది. అవే అంకెలు, అవే గొంతులు, చివర "అంతా మామూలే సార్" అనే అదే ముక్తాయింపు. ఒకనాడు ఆయన విసిగిపోయి ఒక ఉత్తర్వు జారీ చేశారు: తేడా ఉంటేనే చెప్పండి, ఏమీ చెప్పకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే. దానితో కేంద్రంలో గోల తగ్గింది, పని చక్కబడింది, ఆయనకు పేరు వచ్చింది. తాను రాసిన వాక్యాలన్నింటిలోనూ అదే ఉత్తమమైన వాక్యమని ఆయన గట్టి నమ్మకం.

తీరం వెంట సర్వర్ శాలలు ఒకదాని పక్కన ఒకటి లేచిన తరువాత విశాఖలో వేసవి మధ్యాహ్నాలు మారిపోయాయి. కాలనీలకు కోత పెట్టారు గాని శాలలకు పెట్టలేదు. అవి ఆగితే లోకమే ఆగుతుందట. తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చున్న భుజంగరావుగారికి, తన ఫ్యాను రెక్కలను ఆపినది మేనల్లుడి గులాబీయేనని లెక్క తేలేది. అటువంటి ఒక మధ్యాహ్నమే డాక్టర్ హేమలత ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఋషికొండ దాటిన తరువాత ఒక అద్దె భవనంలో ఆమె ఒక పరిశోధనశాల నడుపుతోంది. మనుషులు ఫోన్లలో పంపుకునే సందేశాలకు ఖర్చయ్యే విద్యుత్తును తగ్గించడమే ఆ శాల పని.

"సార్, ఒకరికొకరు పంపుకునే మాటల్లో కొత్త సంగతి చాలా తక్కువ," అన్నది ఆమె. "మిగతాదంతా అవతలి మనిషి ముందే ఊహించగలిగేదే. ఊహించగలిగిన దాన్ని పంపడం దేనికి?"

భుజంగరావుగారు నెత్తిమీది గుడ్డ తీసి పక్కన పెట్టారు. "దేనికీ కాదు. తేడా ఉంటేనే పంపాలి."

"ఆ మాట మీరే రాశారని విన్నాను. అందుకే వచ్చాను."

తాను పొగడ్తకు లొంగే మనిషి కానని ఆయన అనుకునేవారు. ఆ సాయంత్రానికే ఆ పరిశోధనకు ముఖ్య సలహాదారు అయ్యారు. దానికి 'పూర్వోక్తి' అని పేరు పెట్టినది కూడా ఆయనే.

మొదటి పరీక్షకు ఆయన పాలకొండలో ఉన్న చెల్లెలు తులసమ్మను ఎంచుకున్నారు. ఎందుకంటే ఆయన క్రమం తప్పకుండా సందేశం పంపే మనిషి ఆమె ఒక్కతే. కొన్నేళ్ళుగా అన్నాచెల్లెళ్ళు రాసుకున్నదంతా హేమలత యంత్రానికి నేర్పింది. యంత్రం దాని నుంచి ఇద్దరికీ చెరొక నీడను తయారు చేసింది. అన్న మాట్లాడే తీరు చెల్లెలి ఫోనులోనూ, చెల్లెలు మాట్లాడే తీరు అన్న ఫోనులోనూ కూర్చున్నాయి. హేమలత చెల్లెలి ఫోనుకు బదులుగా ఒక ఫోను పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. భుజంగరావుగారు ముందు గదిలో కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టారు. ఆయన రెండో మాట పూర్తి చేయకముందే లోపలి నుంచి హేమలత గొంతు వినిపించింది.

"'చెల్లీ, బీపీ మాత్ర వేసుకున్నావా? ఎండలో బజారుకు వెళ్ళవద్దు. బావను అడిగానని చెప్పు.' ఇదేనా సార్?"

అక్షరం పొల్లు పోలేదు. తాను ఇంత తేలికగా ఊహకు అందుతానా అని ఆయనకు క్షణంపాటు చిన్నతనం అనిపించింది. మరుక్షణమే క్రమశిక్షణ గల మనిషి ఊహకు అందక ఏం చేస్తాడులే అని గర్వపడ్డారు.

"ఈ రెండు గదుల మధ్య ఒక్క అక్షరం కూడా ప్రయాణం చెయ్యలేదు సార్," అన్నది హేమలత బయటికి వచ్చి. "మీరు రాసింది, ఆవిడ ఫోను ఊహించింది ఒకటే అయితే ఏమీ వెళ్ళదు. ఆ ఫోనే మీ మాటను అక్కడ పుట్టించి చూపిస్తుంది. వేరుగా ఉంటే ఆ వేరు ముక్క మాత్రమే వెళుతుంది, ఎర్ర అంచుతో."

తరువాత చెల్లెలి నీడను పరీక్షించారు. ఆయన ఫోను మీద ఆమె జవాబు పుట్టింది: "పెద్ద ఇంజనీరు గారికి చెల్లెలొకర్తి ఉన్నాదని ఇవాళ గుర్తొచ్చిందేటి?"

భుజంగరావుగారి ముఖం ముడుచుకుంది. "ఇది తీసేయండి."

"ఆవిడ ఇలాగే మాట్లాడతారు కదా సార్?"

"మాట్లాడుతుంది. పుట్టినప్పటి నుంచి ఇదే దెప్పడం. ఇందులో సమాచారమేమీ లేదు. మా భాషలో దీన్ని లైన్ లాస్ అంటారు. దారిలో ఊరికే వేడిగా పోయే కరెంటు."

హేమలత ఒక క్షణం ఆలోచించి తీసేసింది. ఆ తరువాత ఆమె ఇంకొక ప్రశ్న అడిగింది. "ఒక మనిషి అసలు ఏమీ టైపు చెయ్యకపోతే అవతలి ఫోను ఏం చూపించాలి సార్?"

ఇంత చిన్న ప్రశ్న ఎందుకు అడుగుతుందని ఆయనకు విసుగు వచ్చింది. "ఏమీ చెప్పలేదంటే మార్పు లేదనేగా అమ్మా! మామూలుగా ఏం చెబుతారో అదే చూపించండి."

నిబంధన అలాగే ఖరారైంది.

పూర్వోక్తిని ముందుగా పొట్నూరి వారి కుటుంబం మీద, ఆపైన కొన్ని కాలనీల మీద ప్రయోగించారు. భుజంగరావుగారు బంధువులందరి ఫోన్లలోనూ దాన్ని పెట్టించారు. ఎలా పనిచేస్తుందో ఒక్కరికీ వివరించలేదు. "ఖర్చు తగ్గుతుంది, పెట్టుకోండి," అన్నారు, అంతే. వివరిస్తే వచ్చే ప్రశ్నలను తలుచుకుంటేనే ఆయనకు తలనొప్పి వచ్చేది.

ఫలితం మాత్రం ఆయన ఆశించిన దానికంటే బాగుంది. గులాబీలు యథావిధిగా పూసేవి గాని వాటికోసం ఎక్కడా బొగ్గు మండేది కాదు. ప్రయోగం జరిగిన కాలనీల్లో మధ్యాహ్నం కోత ఎత్తివేశారు. భోజనం చేసి ఫ్యాను కింద నడుం వాల్చినప్పుడు భుజంగరావుగారికి తిరిగే ప్రతి రెక్కా తనకు నమస్కరిస్తున్నట్టు ఉండేది.

అంతలో ఒకరోజు ఎర్ర అంచుతో సందేశం వచ్చింది. తులసమ్మ రాసింది: "ఈయన పెరట్లో జారి పడ్డారు అన్నయ్యా. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం."

ఆమె భర్త సింహాద్రి ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా చేసి విరమించినవాడు. భుజంగరావుగారితో వాదించి గెలిచి, గెలిచినట్టు కనబడకుండా నవ్వగలిగిన ఏకైక వ్యక్తి. భుజంగరావుగారు అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని వెళ్ళారు. ఆపరేషన్ అయ్యేదాకా ఉన్నారు. చెల్లెలి భుజం తట్టి, "ఏం భయం లేదు, రోజూ కనుక్కుంటాను," అని చెప్పి తిరిగి వచ్చారు.

మొదటి కొన్ని రోజులు నిజంగానే కనుక్కున్నారు. "బావ ఎలా ఉన్నాడు? కాలు కదుపుతున్నాడా? నువ్వు ధైర్యంగా ఉండు," అని టైపు చేసేవారు. ప్రతిసారీ సందేశం పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క కనిపించేది. అంటే చెల్లెలి ఫోను ఆ ప్రశ్నను ముందే ఊహించి ఆమెకు చూపించేసిందన్నమాట. నాలుగైదు చుక్కలు చూసిన తరువాత భుజంగరావుగారు టైపు చేయడం మానేశారు. తన ప్రశ్నను యంత్రమే అంత చక్కగా అడుగుతున్నప్పుడు తాను మళ్ళీ అడగడం వృథా కదా. జవాబులు మాత్రం ప్రతి ఉదయం ఆయన ఫోను మీద ఉండేవి. "లేచి కూర్చుంటున్నారు అన్నయ్యా." "నాలుగు అడుగులు వేశారు అన్నయ్యా." "నడుస్తున్నారు, డాక్టరు బాగుందన్నాడు." ఆయన అవి చదివి తృప్తిగా పరిశోధనశాలకు బయలుదేరేవారు.

వేసవి ముదిరేసరికి ప్రభుత్వ కార్యదర్శి స్వయంగా ఫలితాలు చూడటానికి వచ్చాడు. హేమలత పెద్ద తెర మీద గీతలు చూపించింది. ప్రతి గీతా ఇద్దరు మనుషుల మధ్య నడిచిన సందేశాల లెక్క. చాలావాటిలో అక్కడక్కడ ఎర్ర చుక్కలున్నాయి. ఒక్క గీత మాత్రం నెల పొడుగునా చుక్క లేకుండా పచ్చగా సాగింది.

"ఇది మా సలహాదారు గారిదీ, వారి చెల్లెలు గారిదీ," అన్నది హేమలత. "ఈ గీత మీద నెలంతా ఒక్క అక్షరం కూడా ప్రయాణం చెయ్యలేదు సార్."

కార్యదర్శి చప్పట్లు కొట్టాడు. రాష్ట్రమంతటికీ దీన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు సిద్ధం చేయిస్తాననీ, ముఖ్య సలహాదారు అంగీకార పత్రం వస్తే చాలుననీ చెప్పి వెళ్ళాడు. భుజంగరావుగారు ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే ఈ సంగతి ఇందుమతికి చెప్పారు.

"నెలంతా ఒక్క ఎర్ర చుక్క లేదు! క్రమమైన కుటుంబమంటే అదీ."

ఇందుమతి బెండకాయలు తరుగుతున్నది. కత్తిపీట మీద ఆమె చేయి ఆగింది. "తులసి నెల్లాళ్ళ నుంచి మిమ్మల్ని ఒక్క మాటా అనలేదా?"

"అనలేదు. ఎంత మర్యాదగా రాస్తోందో చూడు."

"అదేటండీ, మొగుడు మంచాన ఉన్నాడు. మీరు వెళ్ళి రెండు రోజులుండి వచ్చీసేరు. తులసి ఊరుకునే మనిషా? 'మా అన్నయ్యకు ఆ మిషన్లే తోడబుట్టినవి' అని ఈపాటికి నాకు వంద మాటలు వచ్చీయాలి. పోయిన నెల్లో నేను పంపిన ఆవకాయ ఉప్పెక్కువైంది. దానికీ ఏమీ అనలేదు." ఆమె చేతులు తుడుచుకుని లేచింది. "అది బాగాలేదు. తులసి బాగుంటే ఇలగ ఉండదు."

"మర్యాదగా ఉంటే బాగాలేదంటావేమిటి?" అన్నారు భుజంగరావుగారు ఓర్పు నశించి.

ఆమె తులసమ్మకు ఫోను చేసింది. అటు ఎవరూ ఎత్తలేదు. వెంటనే తెర మీద సందేశం వచ్చింది: "వంట పనిలో ఉన్నాను వదినా, తర్వాత చేస్తాను." ఇందుమతి ఆ తెరను భర్త కళ్ళజోడుకు తగిలేంత దగ్గరగా పెట్టింది.

"ఇది తులసి అన్నాదా, మీ మిషనన్నాదా?"

భుజంగరావుగారు చూశారు. మళ్ళీ చూశారు. ఆ రెండింటికీ తేడా కనబడకుండా ఉండాలనే ఆయన ఇన్నాళ్ళూ కష్టపడ్డారు. కష్టం ఫలించింది. ఆయనకు తెలియలేదు.

విడిచిన చెప్పులే మళ్ళీ తొడుక్కుని పరిశోధనశాలకు వెళ్ళారు. హేమలత తులసమ్మ ఫోను తాలూకు వివరాలు తెరిచింది. చాలాసేపు చూసింది.

"ఆవిడ ఈ నెలంతా ఏమీ టైపు చెయ్యలేదు సార్. మొదట్లో నాలుగు రోజులు తప్పితే మీ సందేశాలు తెరిచి చూడలేదు కూడా."

"మరి 'నడుస్తున్నారు' అని రాసింది ఎవరు?"

"నీడ సార్. ఆపరేషన్ అయిన మనుషులు సాధారణంగా నెల తిరిగేసరికి నడుస్తారు. దానికి తెలిసింది అది."

"ఆవిడ ఏమీ చెప్పకపోతే మనకు ఎందుకు తెలియలేదు?" ఆయన గొంతు పెరిగింది. "ఇన్ని యంత్రాలు పెట్టుకుని కూర్చున్నారు, ఒక మనిషి నెల్లాళ్ళు నోరు విప్పకపోతే మీకు అనుమానం రాదా?"

హేమలత ఆయన ముఖంలోకి చూసి నెమ్మదిగా అన్నది: "ఏమీ చెప్పలేదంటే మార్పు లేదని కదా సార్, మన నిబంధన."

మర్నాడు పొద్దున్నే భుజంగరావుగారు పాలకొండ వెళ్ళారు. తులసమ్మ వీధి అరుగు మీద మినపప్పు ఎండబోస్తున్నది. కారు ఆగగానే తలెత్తి చూసింది. ఆయన దిగి, దారి పొడుగునా కూడదీసుకున్న మాట అన్నారు.

"చెల్లీ, బావ ఎలా ఉన్నాడు?"

"రోజూ అడుగుతూనే ఉన్నావు కదా," అన్నది ఆమె. "లోపలున్నాడు. చూసుకో."

అంతే. చేట చేత్తో పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సింహాద్రి ముందు గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కుడికాలు ఎడమకాలి కంటే కురచగా, దుప్పటి కింద పక్కకు తిరిగి ఉంది. "నడుస్తున్నావని రాసిందే!" అన్నారు భుజంగరావుగారు గుమ్మంలోనే. సింహాద్రి నవ్వాడు.

"రావోయ్ బావా. నేను నడుస్తున్నానటగా? నువ్వొచ్చేదాకా నాకే తెలీదు."

"ఏమిటిది బావా? ఏం జరిగింది?"

"కూర్చో, చెప్తాను. కుట్లు దగ్గర చీము పట్టింది. ఇక్కడి డాక్టరు విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆ వారంలోనే గాలివానొచ్చి ఊళ్ళో టవరు కూలిపోయింది. సిగ్నలు లేదు, కరెంటు లేదు, అవతలూరికి కబురు పంపడానికి దారి లేదు. అయినా ప్రతి పొద్దూ మీ చెల్లెలి ఫోన్లో నీ పలకరింపు వచ్చీది. 'బావ ఎలా ఉన్నాడు? ధైర్యంగా ఉండు.' మొదటి రోజు ఇది సంతోషించింది. రెండో రోజు ఆ ఫోను పట్టుకుని మేడెక్కింది, వీధి చివరికి వెళ్ళొచ్చింది. మూడో రోజు నన్నడిగింది, 'టవరు లేకుండా మా అన్నయ్య మాట ఎలగొస్తున్నాదండీ?' అని."

భుజంగరావుగారు జేబులోని ఫోను మీద చెయ్యి వేసుకున్నారు.

"నాకు తోచింది చెప్పీసేను. ఇది మీ అన్న కాదే, మీ అన్న మిషను అన్నాను. నేనలగ అనకుండా ఉండాల్సింది." సింహాద్రి దుప్పటి సర్దుకున్నాడు. "ఆ ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టీసింది. టవరు లేచాక నేను నీకు చేస్తానంటే నా ఫోను కూడా అందులోనే పెట్టీసింది. 'మా అన్నయ్య నోటితో అడిగిన నాడు చెప్తాను' అన్నాది. ఈ ఊరి డాక్టరు ఇచ్చిన మందులే వాడేం. జ్వరం తలకెక్కాక పక్కింటి వాళ్ళు నన్ను మోసుకుని శ్రీకాకుళం తీసుకెళ్ళేరు. మళ్ళీ కోసేరు. కాలు మిగిలింది, పొట్టయింది. ఇక కర్ర లేకుండా నడక లేదు. పోనీలే, హెడ్మాస్టరు చేతిలో కర్ర కొత్తేటి?"

నవ్వాలని సింహాద్రి ఆ మాట అన్నాడు గాని భుజంగరావుగారికి నవ్వు రాలేదు. చెల్లెలి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతటి మూర్ఖత్వమా! మొగుడి కాలు పోతుంటే పంతమా! ఆయన లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళారు.

"ఒక్క ఫోను కొట్టడానికి నీకేం పోయింది? నేను లేనా? వెంటనే వచ్చేవాడిని కానా?"

తులసమ్మ పొయ్యి మీద గిన్నె దించి, మరో గిన్నె పెట్టింది. వెనక్కి తిరగలేదు.

"నేను మాట్లాడేది నీతోనే!"

ఆమె కూరలో గరిటె తిప్పింది.

భుజంగరావుగారికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. తమ తండ్రి చదువు మాన్పించినప్పుడు ఆమె ఇలాగే మాట్లాడలేదు. ఆయన ఆమె పెళ్ళికి ఒకరోజు ఆలస్యంగా వచ్చినప్పుడూ ఇంతే. పొట్నూరి వారి ఆడపిల్లలకు కోపం వస్తే అరవరు, నోరు మూసుకుంటారు. ఆ మూతపడిన నోరు చూసి ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టేవారు. ఏమైంది, ఎవరు ఏమన్నారు, అన్నం తిన్నదా లేదా అని తండ్రి సైతం గుమ్మం ముందు తచ్చాడేవాడు. చెల్లెలు ఈ నెలంతా ఆయనకు చెప్పవలసినదంతా చెబుతూనే ఉంది. చిన్నప్పటి నుంచి ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. దాన్ని వినబడకుండా చేసి, దాని స్థానంలో "నడుస్తున్నారు అన్నయ్యా" అని రాయించినది తానే.

కోపం పోలేదు. ఆమె వీపు మీది నుంచి అది మెల్లగా తన మీదికి తిరిగింది.

ఆయన ఆ రోజు తిరిగి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. పొద్దునా సాయంత్రం సింహాద్రి చంకల కింద చేతులు పెట్టి లేపి, అరుగు దాకా నడిపించేవారు. తన వయసుకు అది పెద్ద బరువే. సింహాద్రి ప్రతి అడుగుకూ ఒక వ్యాఖ్య చేసేవాడు. తులసమ్మ వేళకు ఇద్దరికీ కంచాలు పెట్టేది. అన్న కంచంలో ఆయనకు ఇష్టమైన వంకాయ వేపుడు కూడా వేసేది. మాట మాత్రం లేదు. "కొంచెం మజ్జిగ పొయ్యి," అంటే పోసేది. "చాలు," అంటే ఆపేది.

నాలుగో రోజు అరుగు మీద ఉండగా హేమలత ఫోను చేసింది.

"సార్, మొన్న ఫోనులో మీరు చెప్పినట్టే మార్చి చూశాం. టైపు చెయ్యకపోతే ఏమీ చూపించకుండా ఖాళీగా వదిలేశాం. మీ కాలనీలోనే పరీక్ష పెట్టాం."

"ఏమైంది?"

"ఖాళీ కనబడగానే ఒక్కొక్కళ్ళూ గాభరా పడి ఫోన్లు చేస్తున్నారు సార్. ఏమైంది, బాగున్నారా, కోపమా, అని గంటలకొద్దీ మాట్లాడుకుంటున్నారు. కొందరు వీడియోలో ముఖం చూస్తేగాని నమ్మడం లేదు. పూర్వోక్తి లేనప్పటి కంటే ఖర్చు ఎక్కువైంది. నిన్న మధ్యాహ్నం మళ్ళీ కోత పెట్టారు."

భుజంగరావుగారు కళ్ళు మూసుకున్నారు. ఆయనకు ఆగిన ఫ్యాన్లు కనబడ్డాయి, ఆసుపత్రి వరండాల్లో విసనకర్రలు కనబడ్డాయి, చేలల్లో ఆగిన మోటార్లు కనబడ్డాయి. ఇవేవీ చిన్న సంగతులు కావు. ఆయన బతుకంతా వాటికోసమే పోయింది.

"కార్యదర్శి గారు పాత పద్ధతే ఉంచమంటున్నారు సార్," అన్నది హేమలత. "ఎక్కడో ఒక ఇంట్లో పొరపాటు జరిగిందని రాష్ట్రమంతా చీకట్లో కూర్చోవాలా అని అడుగుతున్నారు. మీ అంగీకార పత్రం ఇవాళే కావాలట."

"ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు," అన్నారు భుజంగరావుగారు. "ఊళ్ళకు ఊళ్ళు కరెంటు ఆపించినవాణ్ణి నేను. అవసరమైతే ఇప్పుడూ ఎక్కడ ఆపాలో చెబుతాను. ఆ గులాబీలు ఆపించండి, ఒక్క గులాబీ కూడా మిగలకుండా ఆపించండి, సంతోషిస్తాను. కానీ నోరు మూసుకున్న మనిషి నోట్లో మాట పెట్టే హక్కు నాకు లేదు. సంతకం చెయ్యను."

"మీరు చెయ్యకపోతే ఇంకెవరినైనా సలహాదారుగా వేసుకుంటారు సార్."

"వేసుకోమనండి. అతనికి చెల్లెలుందేమో ముందు అడగమనండి." ఒక క్షణం ఆగారు. "నువ్వేం చేస్తావమ్మా?"

అటువైపు చాలాసేపు ఏమీ వినబడలేదు. ఒకప్పుడైతే ఆ నిశ్శబ్దాన్ని ఆయన అంగీకారంగా తీసుకుని ఫోను పెట్టేసేవారు. ఇప్పుడు పెట్టకుండా చెవి దగ్గరే ఉంచుకున్నారు.

"నేను కూడా చెయ్యను సార్," అన్నది హేమలత చివరికి. "ఆ ఆలోచన నాది కూడా కదా."

మర్నాడు ఇందుమతి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోయిందట. ఇక బయలుదేరక తప్పదని భుజంగరావుగారు బట్టలు సంచిలో సర్దుకున్నారు. వంటింట్లోకి వెళ్ళి, చెల్లెలి వెనక నిలబడి, "వెళ్ళొస్తాను," అన్నారు. జవాబు లేదు. "మళ్ళీ వారం వస్తాను," అన్నారు. ఆమె బియ్యం కడుగుతున్నది, కడుగుతూనే ఉంది.

ఆయన విసురుగా ముందు గదిలోకి వచ్చి సంచి కుర్చీలో పడేశారు.

"ఇన్నాళ్ళు ఉన్నాను. నీకు నడక నేర్పాను. సంతకం మానుకుని పరువు పోగొట్టుకున్నాను. ఇంకా దీని కోపం తగ్గలేదు! ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనడానికి ఏం బావా దీనికి?"

సింహాద్రి కర్ర గోడకు ఆనించి, భుజంగరావుగారి వంక జాలిగా చూశాడు.

"నీకు లెక్కలొచ్చు గాని ఇవి రావు బావా. దాని కోపం నువ్వొచ్చిన రోజే పోయింది. వంకాయ వేపుడు చేస్తున్నాదంటే ఇంకా కోపమున్నాదనుకున్నావేటి?"

"మరి మాట్లాడదేం?"

"మాట్లాడితే నువ్వు వెళ్ళిపోతావని."

భుజంగరావుగారు వంటింటి వైపు తిరిగారు. వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. అక్కడ ఎవరో వింటున్నట్టుంది. ఆయన జేబులోంచి ఫోను తీసి ఇందుమతికి చేశారు. మోటారు బాగు చేయించే పని పక్కింటి వాళ్ళకు అప్పగించి, మొదటి బస్సుకు నువ్వూ ఇక్కడికి వచ్చేయమని చెప్పారు. ఎందుకని ఆవిడ అడిగితే, ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదనీ, అందుకేననీ చెప్పి, సంచిలోని చొక్కాలు తీసి మళ్ళీ కొయ్యకు తగిలించారు.